ముప్పై సీసాల పంచదార

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో తప్పు నాది. మధ్యలో ఎవరైనా "అయ్యో పాపం గ్లెనిస్" అన్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది. పాపం అనిపించుకోవాల్సిన మనిషి వేరే ఉన్నాడు, పక్క గదిలో రేడియో వింటున్నాడు.

మా ఆయన నెవిల్ పెరటి షెడ్డులో ఇరవై ఆరేళ్ళుగా బీరు పెడుతున్నాడు. మా ఊరు పోర్ట్ పిరీలో సీసం కరిగించే స్మెల్టరు ఫ్యాక్టరీలో పనిచేసిన మగాళ్ళలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు పెట్టి చూసినవాళ్ళే. రెండు మూడుసార్లు పెట్టి, ఇంకొకడు పెడితే పోయి తాగడమే సుఖమని మానేశారు. ఆ ఇంకొకడు మా నెవ్.

అతను పెట్టేది పేల్ ఏల్ అనే రకం బీరు. పేరు ఘనంగా ఉంటుంది గానీ పని చిన్నదే. సూపర్ మార్కెట్లో దొరికే మాల్ట్ పాకం డబ్బా ఒకటి, కిలో పంచదార, చేదు కోసం వేడినీళ్ళలో టీ ఆకులా నానబెట్టే గుప్పెడు హాప్స్ పూలు, ఒక పొట్లం ఈస్టు. అన్నీ తెల్ల ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, ఇరవై మూడు లీటర్ల గీత దాకా నీళ్ళు నింపి మూత బిగిస్తే, మూత మీది గొట్టం పదిరోజులు గుడుగుడుమంటుంది. అది ఆగాక సీసాల్లోకి. ముప్పై పెద్ద సీసాలు. ఖాళీ సీసాలో ముందు చెంచాన్నర పంచదార వేసి, మీద బీరు పోసి, మూత కొట్టాలి. మూడు వారాల్లో ఆ పంచదారే గ్యాసవుతుంది. పంచదార పడకపోతే అది బీరు కాదు, చల్లారిన కషాయం.

రెండేళ్ళ కిందట నెవ్‌కి కాలేయం పాడైందనీ, చుక్క ముట్టొద్దనీ డాక్టరు చెప్పాడు. నెవ్ మానేశాడు. నిజంగానే మానేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. తాగడం మానాడు గానీ పెట్టడం మానలేదు.

"నువ్వు తాగనిదాన్ని ఎవరి కోసం పెడుతున్నావయ్యా?" అన్నాను.

"కుర్రాళ్ళ కోసం" అన్నాడు.

కుర్రాళ్ళంటే బెవన్, రస్, కెల్విన్. ముగ్గురికీ డెబ్బై దాటాయి. ఆదివారం రెండు కొట్టేసరికి పక్క గేటు కిర్రుమంటుంది. పోయినవారం తాగిన సీసాలు కడిగి సంచిలో తెస్తారు. మడత కుర్చీలు తెరుచుకుంటాయి. ఇక సాయంత్రం ఆరు దాకా ఫుటీ ఆట గోల, పాత ఫోర్‌మెన్ల మీద చాడీలు. నెవ్ నిమ్మరసం గ్లాసు పట్టుకుని, వాళ్ళు తాగుతుంటే వాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చుంటాడు. ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. బీరు బాగుంటే ఎవడూ నోరు మెదపడు, గ్లాసు ముందుకు తోస్తాడు. బాగోకపోతే మాత్రం పండగే.

"ఒరేయ్ నెవ్, ఇది నువ్వు పెట్టావా, మీ పిల్లి పెట్టిందా?" అన్నాడు రస్ ఒకసారి బీరు పులిసిపోతే.

"నా పళ్ళసెట్టు కడుక్కోవడానికి రెండు సీసాలు ఇప్పించు బాబూ" అన్నాడు కెల్విన్.

ఆ తిట్లు తిని నెవ్ వారమంతా పొంగిపోతూ తిరిగేవాడు. నాకు ఎన్నేళ్ళైనా అర్థం కాని మర్యాద అది.

నాకు ఆ ముగ్గురంటే పడేది కాదు. నెవ్‌ని ఆసుపత్రికి అడిలైడ్ తీసుకెళ్ళాలంటే పోను రెండు వందల ఇరవై కిలోమీటర్లు, రాను అంతే. రెండేళ్ళలో పద్నాలుగుసార్లు నేనే నడిపాను. "నేను తీసుకెళ్తాలే" అన్నవాడు ఒక్కడు లేడు. పెరట్లో గడ్డి మోకాలెత్తు పెరిగితే దాన్ని తొక్కుకుంటూ షెడ్డుకి పోయారు గానీ, మిషను తీసి కోసినవాడు లేడు. బెల్లం చుట్టూ ఈగలు, అంతే అనుకున్నాను. ఆ మాటే నెవ్ ముఖం మీదే అనేదాన్ని.

"వాళ్ళు నీ కోసం రారు నెవ్. నీ సీసాల కోసం వస్తారు."

"నా కోసమే వస్తారు. నీకు తెలీదు ఊరుకో."

అలా రోజులు గడుస్తుండగా నాకు డెబ్బై నిండే రోజు ఆదివారం వచ్చింది. నెల ముందే అడిగాను. సముద్రం ఒడ్డుకి పోదాం, ఎక్కడైనా కూర్చుని చేప తిందాం, మనిద్దరమే అన్నాను. నెవ్ క్యాలెండరు చూశాడు. తల గోక్కున్నాడు.

"ఇప్పుడు డ్రమ్ములో ఉన్నదానికి సీసాల్లో మూడు వారాలు నిండేది సరిగ్గా ఆ రోజే గ్లెన్. కుర్రాళ్ళు వస్తారు. శనివారం పోదామా?"

"శనివారానికి మార్చడానికి నా పుట్టుకేమన్నా ఫుటీ మ్యాచా?"

"అది కాదే, ఆ బీరు నీ పుట్టినరోజు పేరు మీదే తెరుద్దాం. అందరం ఉంటాం."

నేను బీరు తాగను. పెళ్ళైన దగ్గర్నుంచీ తాగలేదు. నలభై నాలుగేళ్ళు కాపురం చేసినవాడు నా పుట్టినరోజుకి నేను తాగని బీరు తెరుస్తానన్నాడు. నాకు మాట రాలేదు. నాకు మాట రాలేదంటే ఎంత కోపం వచ్చి ఉండాలో మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు.

ఆ మాటల తర్వాత వచ్చిన మొదటి శనివారమే సీసాలు నింపే రోజు. నెవ్‌కి ఒక క్రమం ఉంది. ముందురోజే సీసాలు కడిగి బోర్లించి ఎండబెడతాడు. పొద్దున బల్ల మీద వరసగా నిలబెట్టి, గరాటు పెట్టి ఒక్కోదాంట్లో పంచదార వేస్తాడు. మధ్యాహ్నం తిని, మాత్ర వేసుకుని గంట పడుకుంటాడు. లేచి బీరు నింపుతాడు. అతను గురక పెట్టడం మొదలెట్టగానే నేను స్టీలు గిన్నె పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. దాంట్లో అడుగుపెట్టి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు.

మొదటి సీసా తలకిందులు చేశాను. లోపల చుక్క తడి లేదేమో, పంచదార జలజలా గిన్నెలోకి రాలింది. ముదురు గోధుమరంగు సీసాలు, అడుగున ఏముందో ఏం లేదో బయటికి కనబడదు. ఒకదాని తర్వాత ఒకటి ఒంపుకుంటూ పోయాను. కప్పు మీద మ్యాగ్‌పై పిట్ట ఏదో నడుస్తూ రేకులు టకటకలాడించింది. సగంలో ఒకసారి ఆగాను. ఆగి, శనివారం పోదామా అన్న మాట గుర్తుచేసుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఈ విడత చప్పగా ఏడిస్తే రెండు వారాలు కూడా తిరక్కుండా ముగ్గురూ జారుకుంటారు, అప్పుడు తెలుస్తుంది ఎవరు ఎవరి కోసం వస్తున్నారో అనుకున్నాను. నాలుగు ఆదివారాలు మిగిలినా చాలు, నా మొగుడు నాకు దక్కుతాడనుకున్నాను.

గిన్నెలో పంచదార పావుకిలోకి కాస్త తక్కువ ఉంది. పారెయ్యడానికి చేతులు రాలేదు. పంచదార పారబోస్తే మా అమ్మ వీపు చీరేసేది. మళ్ళీ నెవ్ డబ్బాలోనే పోసి, మూత పెట్టి వచ్చేశాను. ఆ పీనాసి బుద్ధే కొంప ముంచింది.

పుట్టినరోజు పొద్దున నెవ్ కార్డు ఇచ్చాడు, ముద్దు పెట్టాడు. రెండింటికి గేటు కిర్రుమంది. నేను చీజు ముక్కలు, బిస్కట్లు ప్లేటులో సర్దుకుని షెడ్డుకి వెళ్ళాను. తమాషా చూద్దామని వెళ్ళాను, దాచడం దేనికి.

"ఏం తల్లీ, దారి తప్పావా?" అన్నాడు బెవన్ కుర్చీ ఇస్తూ.

"గ్లెనిస్‌కి డెబ్బై ఏళ్ళు. ఇది ఆమె బీరు" అన్నాడు నెవ్, చేతిలో సీసా పైకెత్తి.

మూత తీస్తే టప్పుమనాలి, వెనకే బుస్సుమనాలి. టిక్కుమంది, అంతే. నెవ్ సీసాని చెవి దగ్గర పెట్టుకున్నాడు. గ్లాసులో వంచాడు. నురగ లేదు. నీళ్ళు పోసినట్టు కదలకుండా నిలబడింది. ఇంకో సీసా తెరిచాడు. ఇంకోటి. ఆరోది తెరిచేసరికి అతని ముఖంలో రంగు పోయింది.

రస్ ఊరుకోలేకపోయాడు. "ఒరేయ్ ముసలోడా, పంచదార వెయ్యడం మర్చి..."

బెవన్ అతని కాలు తొక్కాడు. నేను చూశాను. రస్ నోరు మూసుకున్నాడు. బెవన్ గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగాడు, ఇంకో గుక్క తాగాడు.

"బాగుంది నెవ్. మెత్తగా దిగుతోంది" అన్నాడు.

"గ్యాసు తక్కువైతే కడుపుకి మంచిది కూడా" అన్నాడు కెల్విన్.

"పుట్టినరోజు బీరు కదా, పెద్దమనిషి తరహాగా ఉంది" అన్నాడు రస్, నేల చూస్తూ.

నెవ్ ముగ్గురి ముఖాలూ ఒకరి తర్వాత ఒకరివి చూశాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ షెడ్డులో అతని బీరుని మెచ్చుకున్నవాడు లేడు. డ్రమ్ము మీద కూర్చుండిపోయాడు. తిడతారనుకున్నాను. నవ్వుకుంటారనుకున్నాను. ఇలా జరుగుతుందని అనుకోలేదు.

వాళ్ళు అలా ఎందుకు చేశారో నాకు క్షణంలో అర్థమైంది, ఎందుకంటే నెవ్ వాళ్ళ నాన్నకి మతి పోయిన సంగతి మా అందరికీ తెలుసు. ఆయన అరవై ఎనిమిదో ఏట, చచ్చి అయిదేళ్ళైన కుక్కకి ఇప్పుడే అన్నం పెట్టి వచ్చానని మొదలుపెట్టాడు. చివరికి ఒక పొద్దున రైలు పట్టాల మీద పైజామాతో నడుస్తుంటే నెవ్, బెవన్ వెళ్ళి చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు.

సాయంత్రం వాళ్ళు వెళ్ళాక నెవ్ వంటింట్లోకి వచ్చాడు. చేతిలో పంచదార డబ్బా, చిన్న త్రాసు.

"తూచాను గ్లెన్. తగ్గాల్సింది తగ్గలేదు. ఎంత ఉండాలో నా పుస్తకంలో రాసి ఉంది. నేను వెయ్యనే లేదు."

"అయితే ఏమైంది? మర్చిపోయావు. మనిషన్నాక మర్చిపోడా?" అన్నాను. నా నోటి నుంచే వచ్చింది ఆ మాట.

"మర్చిపోతే నాకేం బాధ లేదే. వేసినట్టు గుర్తుంది. ఒక్కో సీసాకీ గరాటు పెట్టడం గుర్తుంది. మధ్యలో చెంచా కిందపడితే చొక్కాకి తుడుచుకోవడం గుర్తుంది. జరగనిది ఇంత బాగా ఎలా గుర్తుంటుంది?"

అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. నేనెలాంటిదాన్నో తెలిశాక అతను నా వైపు ఎలా చూస్తాడో తలుచుకుని మింగేశాను. ఒక వారం పోతే అతనే మర్చిపోతాడులే అని కూడా అనుకున్నాను. నా తెలివి తగలబడ.

జారుకుంటారనుకున్న ముగ్గురిలో ఒక్కడు మానితే ఒట్టు. ప్రతి ఆదివారం వచ్చారు. ఆ చల్లారిన కషాయం ముప్పై సీసాలూ ముఖం చిట్లించకుండా తాగారు. రస్ ఒకరోజు మిషను తెచ్చుకుని పెరడంతా కోసి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. బెవన్ వచ్చి, "ఈసారి అడిలైడ్ నేను తీసుకెళ్తా తల్లీ, నువ్వు నడుం వాల్చు" అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఏమైపోయావయ్యా?" అన్నాను ఉండబట్టలేక.

"అడిగితే నెవ్ 'అంతా బాగానే ఉంది, పో' అని బూతులు తిట్టేవాడు. ఇప్పుడు తిట్టడం లేదు. అందుకే అడుగుతున్నా" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

రెండేళ్ళుగా నేను పళ్ళు నూరింది దేనికోసమో అదంతా నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. వాళ్ళు మంచి చేసినకొద్దీ నెవ్ కుంగిపోయాడు.

"నన్ను తిట్టడం మానేశారు గ్లెన్. నాన్నతో కూడా చివర్లో ఇలాగే మాట్లాడేవాళ్ళం, నెమ్మదిగా, నవ్వుతూ."

అయినా ఇంకొక విడత పెట్టాడు. ఈసారి గోడ మీద కాగితం అంటించి, పంచదార వేసిన ప్రతి సీసాకీ ఒక గీత గీశాడు. గీసి, ఆ గీత నిజంగా వేశాకే గీశానా అని అనుమానపడ్డాడు. నన్నడగడానికి సిగ్గుపడ్డాడు. తనమీద తనకి నమ్మకం పోయినవాడు ఏం చేస్తాడో అదే చేశాడు, ఎందుకైనా మంచిదని అన్నిట్లో మళ్ళీ వేశాడు. పదోరోజు మధ్యాహ్నం మేం భోజనం చేస్తుంటే షెడ్డులో తుపాకీ పేలినట్టు పేలింది. ఒకటి పేలితే దాని పక్కది, దాని పక్కది. మనుషులెవరికీ తగల్లేదు గానీ, తలుపు లోపలివైపంతా గాజుముక్కలు దిగబడ్డాయి. నెవ్ చీపురు పట్టుకుని ఆ నురగలో నిలబడి, "రెండుసార్లు వేశానన్నమాట" అన్నాడు. ఈ తప్పు మాత్రం అచ్చంగా అతనిదే. దాన్ని అతని చేత చేయించింది నేను.

తన మతిమరుపు చూపించుకోవడానికి తనే వెళ్ళి డాక్టరుని కలుస్తానన్నాడు. నన్నూ లోపలికి రమ్మన్నారు. కాగితం మీద గడియారం బొమ్మ గీసి పదకొండు దాటి పది నిమిషాలు పెట్టమన్నారు. పెద్ద ముల్లుని రెండు మీద కాకుండా పది మీద పెట్టాడు. "కంగారు పడ్డారు, ఈ వయసుకి ఇదేం పెద్ద విషయం కాదు, ఆరు నెలలకి మళ్ళీ చూద్దాం" అంది డాక్టరమ్మ. బయటికొచ్చే ముందు నన్ను ఒక్క నిమిషం ఆపి, అతనికి నిద్ర సరిగా పడుతోందా అని అడిగింది. అంతే అడిగింది. నెవ్ కారు దగ్గర నిలబడి, నేను వచ్చేదాకా గాజు తలుపు వంకే చూస్తున్నాడు.

ఆ వారమే డ్రమ్ము, మూతలు కొట్టే మిషను, మిగిలిన సీసాలు కెల్విన్ ట్రక్కులో ఎక్కించేశాడు. కెల్విన్ వద్దనలేక, తీసుకోలేక, గేటు దగ్గర అరగంట నిలబడ్డాడు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం టీ పోస్తుంటే నెవ్ కారు తాళాలు తెచ్చి నా కప్పు పక్కన పెట్టాడు.

"ఇవి దాచెయ్. నేనడిగినా ఇవ్వకు. బతిమాలతాను, అరుస్తాను. ఇవ్వకు."

అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను. అతను గురకపెట్టడం, గిన్నె పట్టుకుని వెళ్ళడం, ముప్పై సీసాలూ ఒంపడం, పంచదార మళ్ళీ డబ్బాలో పొయ్యడం, ఎందుకు చేశానో, ఎంత కుళ్ళుబోతుదాన్నో, అన్నీ. అతను తల వంచుకుని విన్నాడు.

"నీ బుర్ర నిక్షేపంలా ఉంది నెవ్. నీకు గుర్తున్నదే నిజం. చెంచా కూడా పడే ఉంటుంది. ఇప్పుడు తిట్టు నన్ను. గొంతు చించుకుని తిట్టు."

తిట్టలేదు. తలెత్తాడు, కళ్ళనిండా నీళ్ళు. నా చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

"నలభై నాలుగేళ్ళు గ్లెన్. కూరలో ఉప్పెక్కువైతే నా నాలుకదే తప్పనేదానివి. ఒక్క తప్పు, ఒక్కటంటే ఒక్కటి, ఎప్పుడైనా నీ మీద వేసుకున్నావా?"

"ఇది నిజం నెవ్! దేవుడి మీద ఒట్టు!"

"నువ్వు షెడ్డులోకే రావు కదే. నా కోసం ఇంత కథ అల్లావంటే..." భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ రోజు డాక్టరమ్మ నిన్ను విడిగా ఆపి ఏం చెప్పింది? ఎన్నాళ్ళంది?"

ఏమీ చెప్పలేదని అరిచాను. ఒట్లు పెట్టాను, బల్ల గుద్దాను. చివరికి ఏడుపొచ్చేసింది. మా అమ్మ పోయినప్పుడు కూడా నేను అతని ముందు ఏడవలేదు. నా ఏడుపు చూశాక తన బుర్ర పోతోందా లేదా అని అతనికి ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది. తాళాలు తీసి నా చేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.